పాల్ కగామే, విదేశీ సాయం, రువాండా కోలుకున్న తీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

రువాండా పేరు ఎత్తితే చాలు, అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. కొందరికి ఆ దేశం వాట్సాప్‌లో వచ్చిన 'ఆఫ్రికా సింగపూర్' మెసేజ్‌తో పరిచయం, మరికొందరికి 1994 మారణకాండ తప్ప ఇంకేమీ తెలియదు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే ఓపిక తగ్గి, అన్నీ ఒకచోట పెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికే నేరుగా వెళ్లండి.

## ముందుగా అడిగేవి

అసలు ఈ పాల్ కగామే ఎవరు?

2000 ఏప్రిల్ నుంచి రువాండా అధ్యక్షుడు. 1957 అక్టోబరులో ఒక టుట్సీ (అక్కడి మైనారిటీ జాతి) కుటుంబంలో పుట్టారు. ఆయనకు రెండేళ్లు నిండగానే టుట్సీల మీద దాడులు మొదలయ్యాయి, కుటుంబం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉగాండా చేరింది. పెరిగింది శరణార్థుల శిబిరంలో. కుర్రతనంలోనే, తర్వాత ఉగాండా అధ్యక్షుడైన యోవేరి ముసెవేని గెరిల్లా సైన్యంలో చేరారు. వాళ్లు 1986లో రాజధాని కంపాలాను పట్టుకున్నాక ఉగాండా సైనిక నిఘా విభాగంలో పనిచేశారు.

తోటి శరణార్థులు పెట్టుకున్న రువాండా దేశభక్త ఫ్రంట్ (ఆర్‌పీఎఫ్) 1990 అక్టోబరు 1న సొంత దేశంలోకి ఆయుధాలతో అడుగుపెట్టినప్పుడు కగామే అమెరికాలో సైనిక శిక్షణలో ఉన్నారు. మర్నాడే దళనాయకుడు ఫ్రెడ్ ర్విగ్యెమా చనిపోయారు. కగామే చదువు మధ్యలో ఆపేసి వచ్చి ఆ దళాన్ని నడిపారు.

రువాండా ఎంత పెద్ద దేశం? మన లెక్కలో చెప్పండి

26,338 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో నాలుగో వంతు కంటే కొంచెం తక్కువ. 2022 జనాభా లెక్కల్లో సుమారు 1.32 కోట్ల మంది తేలారు. ఎటు చూసినా కొండలే, సముద్రం లేదు, దగ్గరి రేవుకు వెళ్లాలన్నా వెయ్యి కిలోమీటర్లు దాటాలి. కాఫీ, టీ, ఖనిజాలు, గొరిల్లాలను చూడటానికి వచ్చే టూరిస్టులు, ఇవే ప్రధానమైన ఆదాయాలు. అక్కడి విజయాల గురించి మాట్లాడేటప్పుడు ఈ సైజు గుర్తుంచుకోవాలి. రాజధానిలో పొద్దున తీసుకున్న నిర్ణయం సాయంత్రానికి చివరి ఊరికి చేరగల దేశం అది.

1994లో ఏం జరిగింది, క్లుప్తంగా చెప్తారా?

ఏప్రిల్ 6 రాత్రి అధ్యక్షుడు హబ్యరిమానా ప్రయాణిస్తున్న విమానాన్ని రాజధాని కిగాలి దగ్గర కూల్చేశారు. దాన్ని కూల్చింది ఎవరన్నది నేటికీ వివాదమే. తర్వాత సుమారు 100 రోజుల పాటు మెజారిటీ జాతి అయిన హుటుల్లోని తీవ్రవాదులు, ప్రభుత్వ సైన్యం, ఊళ్లలోని మిలీషియాలు కలిసి టుట్సీలను వేటాడి చంపారు. అడ్డుచెప్పిన హుటులనూ వదల్లేదు. ఐక్యరాజ్యసమితి లెక్క 8 లక్షలు, రువాండా ప్రభుత్వ లెక్క 10 లక్షలకు పైన. చంపుతున్న రోజుల్లోనే, ఏప్రిల్ 21న, భద్రతా మండలి అక్కడున్న శాంతిదళాన్ని సుమారు 2,500 నుంచి 270కి తగ్గించింది. జులై 4న ఆర్‌పీఎఫ్ కిగాలిని పట్టుకుంది.

## కూలిన చోటి నుంచి

ఖాళీ ఖజానాతో దేశాన్ని ఎలా నడిపారు?

పారిపోతూ పాత ప్రభుత్వం సెంట్రల్ బ్యాంకు డబ్బునూ వెంట తీసుకుపోయింది. సుమారు 20 లక్షల మంది సరిహద్దులు దాటారు. కొత్త ప్రభుత్వంలో హుటు అయిన పాస్టర్ బిజిముంగు అధ్యక్షుడు, కగామే ఉపాధ్యక్షుడు, రక్షణ మంత్రి. అసలు అధికారం ఎవరిదో అందరికీ తెలుసు. తిండి, మందులు, జీతాలు చాలావరకు దాతల డబ్బుతోనే నడిచాయి.

సాయం మీద కగామే అపనమ్మకానికి మూలం ఈ రోజుల్లోనే ఉందని నాకనిపిస్తుంది. ఇప్పటి కాంగోలోని గోమా దగ్గరి శిబిరాల్లో శరణార్థుల మధ్య హంతకులూ ఉన్నారు. శిబిరాల పెత్తనం వాళ్లదే. అంతర్జాతీయ సంస్థలు పంచే రేషన్ వాళ్ల చేతుల మీదుగానే వెళ్లేది, అక్కడి నుంచే మళ్లీ రువాండా మీద దాడులు చేసేవాళ్లు. చంపుతున్నప్పుడు రాని ప్రపంచం, చంపినవాళ్లకు అన్నం పెట్టడానికి వచ్చిందన్న కసి ఆయన మాటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. 1996లో రువాండా సైన్యం సరిహద్దు దాటి ఆ శిబిరాలను చెదరగొట్టింది. కాంగో యుద్ధాలు అలా మొదలయ్యాయి.

లక్ష మందికి పైగా నిందితులుంటే విచారణ ఎలా చేశారు?

మామూలు కోర్టుల్లో నడిపితే వందేళ్లు దాటినా తెమలదని అప్పట్లోనే లెక్క వేశారు. అందుకని పాత ఊరి పంచాయితీ పద్ధతిని బయటికి తీశారు. పేరు గచాచా. ఆ మాటకు మూలం గడ్డి. అందరూ గడ్డి మీద కూర్చుని తగువు తీర్చుకునే చోటు, మన రచ్చబండ అనుకోండి. 2005 నుంచి 2012 వరకు దేశమంతటా సుమారు 12,000 గచాచాలు దాదాపు 20 లక్షల కేసులు తేల్చాయి. ఊరివాళ్లే జడ్జిలు. నేరం ఒప్పుకుని శవాలు ఎక్కడ పూడ్చారో చెప్పినవాళ్లకు శిక్ష తగ్గేది. టాంజానియాలోని అరూషాలో ఐక్యరాజ్యసమితి పెట్టిన ట్రిబ్యునల్ ఇరవై ఏళ్లలో 93 మందిపై అభియోగాలు మోపి, 62 మందికి శిక్ష వేసింది.

గచాచాలో లాయర్లు లేరు. భూమి తగాదాలకు అబద్ధపు సాక్ష్యాలు చెప్పినవాళ్లున్నారు. ఆర్‌పీఎఫ్ సైనికులు చేసిన హత్యలు అక్కడ విచారణకే రాలేదు. అయినా భర్తను చంపినవాడు పక్కింటివాడే అయిన ఊళ్లో, అందరి ఎదుటా ఆ మాట బయటికి రావడానికి ఇంకో దారి ఏముందో నాకైతే తోచదు.

ఇప్పుడు అక్కడ హుటు, టుట్సీ అని అనకూడదట, నిజమేనా?

గుర్తింపు కార్డుల్లో జాతి రాయడం 1930లలో బెల్జియం పాలకులు పెట్టిన పద్ధతి. 1994లో దారికాచిన మిలీషియాలు ఆ కార్డు చూసే చంపారు. తర్వాత దాన్ని తీసేశారు, 'మనమంతా రువాండన్లం' అన్నది అధికారిక మాటైంది. ఆ పదాలు పలకడమే నేరం అనలేం. కానీ 'మారణకాండ భావజాలం', 'విభజనవాదం' అనే నేరాలు చట్టంలో ఉన్నాయి. వాటి హద్దు ఎక్కడన్నది స్పష్టంగా లేకపోవడంతో జనం ఆచితూచి మాట్లాడతారు.

## నాయకత్వం గురించి

నాయకత్వం అంటే కగామే చెప్పేదేమిటి?

2014లో మారణకాండకు 20 ఏళ్లు నిండినప్పుడు చేసిన ప్రసంగంలో, తాము మూడు నిర్ణయాలు తీసుకున్నామన్నారు: కలిసి ఉండాలని, చేసిన పనికి జవాబు చెప్పాలని, పెద్దగా ఆలోచించాలని. మిగతా ఉపన్యాసాలన్నీ దాదాపు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. ఆయన దృష్టిలో పేదరికం విధిరాత కాదు, పాలకుల వైఫల్యం. ఆఫ్రికాను ఇంకొకరు వచ్చి బాగుచేస్తారని ఎదురుచూడటం అవమానం.

వినడానికి బాగుంటుంది. మంత్రులను, మేయర్లను నిండు సభలో, టీవీ కెమెరాల ముందు నిలబెట్టి 'ఈ రోడ్డు ఎందుకు పూర్తి కాలేదు' అని అడిగిన సందర్భాలూ ఉన్నాయి. అదే ప్రశ్న ఆయన్ను నిలబెట్టి అడిగేవాళ్లు దేశంలో లేరు. జవాబుదారీతనం అక్కడ పైనుంచి కిందికే పారుతుంది.

ఇమిహిగో అని ఏదో అంటారు, అదేమిటి?

పూర్వం యోధులు రాజు ముందు నిలబడి 'ఈ పని సాధిస్తాను, లేకపోతే నా పేరు పోతుంది' అని పూనేవాళ్లు. ఆ ప్రతిజ్ఞే ఇమిహిగో. 2006 నుంచి దాన్ని పాలనలోకి తెచ్చారు. ప్రతి జిల్లా మేయరు ఏడాది లక్ష్యాలు రాసి అధ్యక్షుడి ముందు సంతకం పెడతారు: ఎన్ని ఇళ్లకు కరెంటు, ఎన్ని హెక్టార్లలో కొండచరియలకు మెట్లు, ఎంతమందికి ఆరోగ్య బీమా. ఏడాది చివర మార్కులు, ర్యాంకులు అందరి ముందూ ప్రకటిస్తారు.

పనులు కదిలాయి, సందేహం లేదు. కానీ మేయరు మాట ఇచ్చిన హెక్టార్లలో మొక్కజొన్న వేయాల్సింది రైతు. ప్రభుత్వం ఎంచిన పంటే వేయాలన్న ఒత్తిడితో, ఇంటికి పనికొచ్చే చిలగడదుంప, చిక్కుళ్లు కలిపి వేసుకునే అలవాటు మానుకోవాల్సి వచ్చిందని రైతులు పరిశోధకులకు చెప్పుకున్నారు. ర్యాంకు భయం ఉన్నచోట అంకెలు ఉబ్బుతాయన్న విమర్శా ఉంది.

ఉముగాండా మన శ్రమదానం లాంటిదేనా?

పోలిక ఉంది. నెలలో చివరి శనివారం పొద్దున 8 నుంచి 11 వరకు, 18 నుంచి 65 ఏళ్ల వాళ్లంతా కాలవలు తీయడం, రోడ్లు ఊడవడం, మొక్కలు నాటడం చేస్తారు. ఆ మూడు గంటలు షాపులు, బస్సులు బంద్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో మొదలైన జన్మభూమి గుర్తున్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే అక్కడ రాకపోతే జరిమానా పడుతుంది. అందుకే దానం అనే మాట పూర్తిగా అతకదు.

## విదేశీ సాయం గురించి

కగామే విదేశీ సాయం వద్దంటారా?

అనరు. ఆయన వాదన కాస్త మెలికతో కూడినది. సాయం తీసుకోవడంలో తప్పులేదు, కానీ దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో తీసుకునేవాడే నిర్ణయించాలి, సాయం అవసరం లేని రోజు కోసమే దాన్ని వాడాలి అంటారు. దశాబ్దాల సాయం ఆఫ్రికాలో పరాధీనతను పెంచిందని, వ్యాపారం, పెట్టుబడి మేలని 2009 నాటికే గట్టిగా రాశారు, మాట్లాడారు.

ఆచరణలో రెండు ఉదాహరణలు. ఎయిడ్స్ కోసం వచ్చిన డబ్బు ఎయిడ్స్ మందులకే వాడాలని దాతలు అనుకునే కాలంలో, రువాండా ఆ నిధులతో ఊరి ఆసుపత్రులను, సిబ్బందిని బలపరిచింది. ఎయిడ్స్ రోగి వచ్చే ఆసుపత్రికే కాన్పు కోసం వచ్చిన ఆడమనిషి కూడా వస్తుంది కదా అన్నది వాళ్ల లెక్క. రెండోది 2010లో: దాతలందరూ ఫొటోలు బాగా వచ్చే రంగాలకే ఎగబడుతుంటే, ఒక్కో దాత మూడు రంగాలకు మించి వేలు పెట్టకూడదని ప్రభుత్వమే పంచిపెట్టింది. అడుక్కునేవాడు షరతు పెట్టడమా అని కొందరికి మండింది. నా మటుకు నాకు, కగామే పాలనలో నేర్చుకోదగిన పాఠం ఏదైనా ఉంటే ఇదే.

సాయాన్ని తిడుతూనే తీసుకుంటారు కదా, ఇది రెండు నాల్కల ధోరణి కాదా?

కొంతవరకు అవును. 2012 నాటికి బడ్జెట్‌లో సుమారు 40 శాతం దాతలదే. ఆ ఏడాది కాంగోలో ఎం23 తిరుగుబాటుదారులకు రువాండా అండగా ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం చెప్పడంతో అమెరికా, బ్రిటన్, జర్మనీ, నెదర్లాండ్స్ వగైరా సాయాన్ని ఆపడమో, వాయిదా వేయడమో చేశాయి. మరుసటి ఏడాది వృద్ధి రేటు 4.7 శాతానికి పడిపోయింది. అంతకు ముందు 8 శాతం దరిదాపుల్లో ఉండేది. చేయి చాపకూడదన్న మాట ఎంత నిజమో, చేయి ఇంకా చాపే ఉందన్నదీ అంతే నిజమని ఆ ఏడాది చూపించింది.

ఇప్పుడు బడ్జెట్‌లో సగానికి పైగా సొంత రాబడే. దానం రూపంలో వచ్చేది బాగా తగ్గింది. అయితే దాని చోట్లోకి విదేశీ అప్పు వచ్చింది. అప్పు తీర్చాలి కాబట్టి గౌరవం అనుకోవాలో, తీర్చాలి కాబట్టి టెన్షన్ అనుకోవాలో మీ ఇష్టం.

అగచిరో ఫండ్ అంటే ఏమిటి?

అగచిరో అంటే ఆత్మగౌరవం, విలువ. దాతలు చెయ్యి వెనక్కి తీసుకున్న 2012 ఆగస్టులోనే, జనం చందాలతో ఈ నిధి మొదలైంది. ఉద్యోగులు, వ్యాపారులు, విదేశాల్లోని రువాండన్లు డబ్బిచ్చారు. జీతంలోంచి ఇచ్చేది పేరుకు స్వచ్ఛందమే. పై అధికారి ఇచ్చాక కిందివాడు ఇవ్వనని ఎలా అంటాడన్నది మనకు తెలియని సంగతేం కాదు. వచ్చిన మొత్తం దాతల డబ్బుతో పోలిస్తే చిన్నది. దాని పని ఎక్కువగా మనసుల్లో జరిగింది.

సెకండ్ హ్యాండ్ బట్టల మీద అమెరికాతో గొడవేమిటి?

పశ్చిమ దేశాల్లో వాడి వదిలేసిన బట్టలు మూటలుగా ఆఫ్రికా సంతలకు వస్తాయి. సొంత బట్టల పరిశ్రమ పెరగాలంటే ఇవి ఆగాలని 2016లో రువాండా సుంకాన్ని కిలోకి 20 సెంట్ల నుంచి 2.50 డాలర్లకు పెంచింది. కెన్యా, టాంజానియా, ఉగాండాలు కూడా ఇదే బాటలో బయల్దేరి, అమెరికా హెచ్చరించాక వెనక్కి తగ్గాయి. రువాండా తగ్గలేదు. 2018 జులై చివర్లో అమెరికా ఆ దేశపు దుస్తులకు ఇచ్చే సుంకం మినహాయింపును ఆపేసింది. ఎగుమతులు చిన్నవే కాబట్టి దెబ్బ తట్టుకోగలిగారు. చౌక బట్టలు అమ్మి బతికే చిల్లర వ్యాపారులు, అవి కొని కట్టుకునే పేదలు మాత్రం వెంటనే నష్టపోయారు.

మరి చైనా డబ్బు తీసుకుంటే అది పరాధీనత కాదా?

చైనా రోడ్లు, కంపెనీల కోసం పెట్టుబడి తెస్తుందని, పశ్చిమ దేశాలు ఉపన్యాసాలు తెస్తాయని కగామే చాలాకాలంగా అంటున్నారు. అయితే పూర్తిగా ఒకరి మీదే ఆధారపడే మనిషి కాదు. చైనా, టర్కీ, ఖతార్, ఇండియా, ప్రపంచ బ్యాంకు, అందరితోనూ బేరం పెడతారు.

ఆఫ్రికన్ యూనియన్ ఖర్చుల సంగతిలో ఆయన పాత్రేమిటి?

2016 జులైలో కిగాలి సమావేశం ఆయనకు ఆఫ్రికన్ యూనియన్ సంస్కరణల పని అప్పగించింది. 2017 బడ్జెట్‌లో నాలుగింట మూడొంతులు బయటి దాతల నుంచే రావాల్సిన పరిస్థితి. అడిస్ అబాబాలో ఉన్న ప్రధాన కార్యాలయ భవనం కూడా చైనా కట్టించి ఇచ్చిందే. మన ఇంటి ఖర్చు పక్కవాళ్లు పెడుతుంటే మన మాట ఎవరు వింటారన్నది ఆయన ప్రశ్న. దిగుమతుల మీద 0.2 శాతం సుంకం వేసి సంస్థను నడుపుకుందామన్న నిర్ణయం కిగాలిలోనే జరిగింది. చాలా దేశాలు ఒప్పుకున్నాయి, అమలు మాత్రం అన్నీ చేయలేదు. 2018లో ఆయన యూనియన్ అధ్యక్ష స్థానంలో ఉండగా ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద 44 దేశాలు కిగాలిలో సంతకాలు పెట్టాయి.

ఇండియా వాళ్లకు ఆవులు ఇచ్చిందట కదా?

అవును, 200. 2018 జులైలో ప్రధాని మోదీ రువాండా వెళ్లినప్పుడు ర్వేరు అనే ఊళ్లో ఇచ్చారు. 2006 నుంచి నడుస్తున్న గిరింకా పథకం ప్రకారం పేద కుటుంబానికి ఒక ఆవు ఇస్తారు. దానికి పుట్టిన మొదటి పెయ్యను ఆ కుటుంబం ఇంకో పేద కుటుంబానికి ఇవ్వాలి. గిరింకా అంటేనే 'నీకు ఆవు కలుగుగాక' అని దీవెన. ఆవుల్ని అక్కడే కొని ఇవ్వడం వల్ల స్థానిక రైతులకూ డబ్బు దక్కింది.

## లెక్కలు, ఇబ్బంది పెట్టే ప్రశ్నలు

నిజంగా జనం బతుకులు మారాయా, లేక కిగాలి రోడ్లు మాత్రమేనా?

మారాయి. 2000లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఐదేళ్లు నిండకముందే 196 మంది చనిపోయేవారు. 2019-20 సర్వేలో అది 45కు తగ్గింది. 'ముతుయెల్' అని పిలిచే ఊరిస్థాయి ఆరోగ్య బీమా పథకంలో జనాభాలో అత్యధికులు ఉన్నారు, నిరుపేదల వాటా ప్రభుత్వం కడుతుంది. 2016 నుంచి డ్రోన్లు కొండల మీదుగా ఆసుపత్రులకు రక్తం మోస్తున్నాయి. పార్లమెంటు దిగువ సభలో 60 శాతానికి పైగా ఆడవాళ్లే.

పేదరికం దగ్గరకొచ్చేసరికి జాగ్రత్త అవసరం. ప్రభుత్వ లెక్కలో 2000 ప్రాంతంలో 60 శాతానికి దగ్గరగా ఉన్నది 2023-24కు 27.4 శాతమైంది. మధ్యలో కొలిచే పద్ధతి మారింది. 2015లో వచ్చిన అంకెల మీద, 'తగ్గలేదు, పెరిగింది' అని కొందరు ఆర్థికవేత్తలు గట్టిగానే వాదించారు. పిల్లల మరణాల లెక్కను నమ్మినంతగా పేదరికం లెక్కను నేను నమ్మను.

99 శాతం ఓట్లు ఎలా వస్తాయండీ ఎవరికైనా?

2003లో 95, 2010లో 93, 2017లో దాదాపు 99, 2024లో 99.18 శాతం. అభిమానం లేదని చెప్పలేం. ఊచకోతను చూసినవాళ్లకు ప్రశాంతతే పెద్ద వరం. కానీ గట్టి పోటీ ఇవ్వగల వాళ్లు బ్యాలెట్ దాకా రారు. డయాన్ ర్విగారాను 2017లోనూ, 2024లోనూ పోటీ చేయనివ్వలేదు. విక్టోయిర్ ఇంగబిరె 2010లో పోటీకి వచ్చి జైలుపాలై 2018లో క్షమాభిక్షతో బయటికొచ్చారు, 2025లో మళ్లీ అరెస్టయ్యారు. మాజీ నిఘా అధిపతి పాట్రిక్ కరెగెయా దేశం వదిలి వెళ్లాక 2014 కొత్త సంవత్సరం రోజున జోహన్నెస్‌బర్గ్ హోటల్ గదిలో శవమై కనిపించారు. తమకు సంబంధం లేదని రువాండా అంటుంది.

కాంగోలో రువాండా చేస్తున్నదేమిటి?

మారణకాండ హంతకుల వారసులైన ఎఫ్‌డీఎల్‌ఆర్ అనే దళం తూర్పు కాంగోలో ఉందని, అది తమ భద్రతకు ముప్పని రువాండా వాదన. 3,000 నుంచి 4,000 మంది రువాండా సైనికులు ఎం23తో కలిసి అక్కడ పనిచేస్తున్నారని ఐక్యరాజ్యసమితి నిపుణులు 2024లో రాశారు. 2025 జనవరిలో ఎం23 గోమాను పట్టుకుంది. బ్రిటన్ చాలావరకు సాయం ఆపింది, జర్మనీ కొత్త సాయం ఆపింది. బెల్జియంతో అయితే రువాండాయే ముందుగా సహకారం తెంచుకుని, మార్చిలో దౌత్య సంబంధాలకూ స్వస్తి చెప్పింది. జూన్ 27న వాషింగ్టన్‌లో కాంగోతో శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. నేలమీద తుపాకులు మాత్రం ఆగలేదు.

'మా ఇంట్లో మీ పెత్తనమేంటి' అన్న కగామే వాదనకు ఎంతో బలం ఉంది. కాంగో ప్రజలు ఆయన్ను అడుగుతున్నది కూడా అదే మాట.

అధికార పార్టీకే కంపెనీలున్నాయట, నిజమా?

నిజమే. క్రిస్టల్ వెంచర్స్ అనే పెట్టుబడి సంస్థ ఆర్‌పీఎఫ్‌ది. పాలు, జ్యూసుల నుంచి నిర్మాణం దాకా దాని చేతిలో ఉన్నాయి. 1994 తర్వాత ఎవరూ డబ్బు పెట్టనప్పుడు మేమే పెట్టామని పార్టీ అంటుంది. ఇప్పుడు ఇంకొకరు పెడదామన్నా, పాలించే పార్టీతో పోటీ పడాల్సి వస్తోంది.

మనకూ ఇలాంటి నాయకుడు ఒక్కడుంటే బాగుండు కదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లే అందరికంటే ఎక్కువ. లక్ష్యాలు బహిరంగంగా ప్రకటించడం, ఊరి ఆరోగ్య కార్యకర్తకు సరైన శిక్షణ ఇవ్వడం, ఎవరి డబ్బైనా మన ప్రాధాన్యం ప్రకారమే ఖర్చుపెట్టడం, వీటికి కగామేనే కావాల్సిన పనిలేదు. ఆయన ఒక్కడే తేగలిగిన మిగతా వాటికి, రాత్రికి రాత్రి ఆదేశం, పొద్దునకల్లా అమలు లాంటి వాటికి, వద్దనేవాడు లేకపోవడమే మూలం. ఆ వద్దనేవాడు రేపు మీరే కావచ్చు.

ఆయన తర్వాత ఎవరు?

2015లో రిఫరెండం పెట్టి రాజ్యాంగం మార్చారు. దాని ప్రకారం 2034 వరకు ఆయన కొనసాగొచ్చు. అప్పటికి ఆయనకు 76 ఏళ్లు నిండి ఉంటాయి. వారసుడి పేరు ఇప్పటిదాకా చెప్పలేదు. జిల్లా మేయరు దగ్గర్నుంచి మంత్రి దాకా అందరి ఇమిహిగోలోనూ గడువు రాసి ఉంటుంది. ఈ ఒక్క పనికి ఎవరూ గడువు రాయలేదు.